పాట ఆమె నోట, పెత్తనం ఎవరి చేత?

2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ సినిమా రంగానికి హెచ్చరికలాంటి సూచన ఒకటి జారీ చేసింది. స్త్రీలను కించపరిచే అసభ్యమైన స్టెప్పులు పాటల్లో పెట్టవద్దని, దర్శకులు, నిర్మాతలు, నృత్య దర్శకులు బాధ్యతగా ఉండాలని, లేదంటే చట్టపరమైన చర్యలు తప్పవని దాని సారాంశం. ఆ ఏడాది మొదట్లోనే 'డాకు మహారాజ్'లోని 'దబిడి దిబిడి' మీద దుమారం రేగింది. మార్చిలో 'రాబిన్‌హుడ్'లోని 'అది దా సర్‌ప్రైజు' వంతు వచ్చింది. జనం వేలెత్తి చూపిన స్టెప్పు సినిమా విడుదలయ్యే నాటికి తెర మీద లేదు. చర్చ మాత్రం ఆగలేదు. హన్మకొండలోనో జమ్మికుంటలోనో ఏ పెళ్లి బరాత్‌కు వెళ్లినా డీజే పెట్టెల్లోంచి ఇలాంటి పాటలే మోగుతాయి. వాటికి వదినలు, మరదళ్లు, బడి పిల్లలు కలిసి ఆడతారు. మర్నాడు అదే ఇంట్లో 'ఈ పాటల వల్లే లోకం చెడిపోతోంది' అన్న మాటా వినిపిస్తుంది.

ఈ గొడవలో రెండు గొంతులే పెద్దగా వినిపిస్తాయి. బూతు పెరిగిపోయింది, కత్తెర వేయండి అంటుంది ఒకటి. ఆమె ఒళ్లు ఆమె ఇష్టం, మీకెందుకు అంటుంది రెండోది. రెండింటి చూపూ బట్ట పొడవు మీద, నడుము ఊపు మీద. పాటలోని కోరిక ఎవరిది, చూసే కన్ను ఎవరిది, రాసింది ఎవరు, డబ్బు ఎక్కడికి వెళ్లింది, రచ్చ అయినప్పుడు దెబ్బ ఎవరికి తగిలింది అని అడిగితే గాని చిక్కు విడదు.

కోరిక వేరు, కించపరచడం వేరు

ముందు మాటల అర్థాలు తేల్చుకోవాలి. లైంగికత అంటే మనిషికి ఎవరి మీద ఆకర్షణ కలుగుతుంది, దాన్ని ఎలా అనుభవిస్తారు, ఎలా చెప్పుకుంటారు అన్న వ్యవహారమంతా. జెండర్ అంటే ఆడవాళ్లు ఇలా ఉండాలి, మగవాళ్లు ఇలా ఉండాలి అని సమాజం పెట్టిన కట్టుబాట్లు. శరీరం పుట్టుకతో వస్తుంది, ఈ కట్టుబాట్లను మాత్రం ఊరు, కులం, కాలం కలిసి తయారు చేస్తాయి. ఎవరు ఎంతవరకు వెళ్లవచ్చో తేల్చే శక్తే పెత్తనం. పాటలో ఈ మూడూ ఒకేసారి పని చేస్తాయి కాబట్టే మన వాదనలు ఒకదానికొకటి తగలకుండా పోతుంటాయి. ఒకరు లైంగికత గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు పెత్తనం గురించి జవాబిస్తుంటారు.

వస్తువుగా చూపడం అనే మాట కూడా తరచూ వస్తుంది. ఒక పాటలో ఆమె ముఖం కనిపిస్తుంది, ఎవరినో చూస్తుంది, ఏదో కోరుతుంది, నచ్చకపోతే తల తిప్పుకుంటుంది. ఇంకో పాటలో కెమెరా నడుము దగ్గర మొదలై నడుము దగ్గరే ముగుస్తుంది, చుట్టూ ఇరవై మంది మగవాళ్లు ఈల వేస్తుంటారు, ఆమెకు కథలో పేరు కూడా ఉండదు. బట్టలు రెండింటిలో ఒకేలా ఉండవచ్చు. మొదటి పాటలో మనిషి ఉంది, రెండోదాంట్లో భాగాలు ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో రాసిన వ్యాసంలో దీన్నే పురుష చూపు అన్నారు. కెమెరా, కథానాయకుడు, ప్రేక్షకుడు ముగ్గురూ మగవాడి కళ్లతోనే చూసేలా సినిమాను అల్లుతారని, స్త్రీ ప్రేక్షకురాలు కూడా ఆ కళ్లు అరువు తెచ్చుకోవలసి వస్తుందని ఆమె వాదన. తర్వాత చాలామంది దీన్ని సవరించారు, ఆడవాళ్ల చూపు మాటేమిటి, నల్లజాతి స్త్రీల చూపు మాటేమిటి అని నిలదీశారు. అయినా మొదటి అడుగుకు ఆ మాట ఇప్పటికీ పనికొస్తుంది.

గొంతు మారితే పాట తిరగబడుతుంది

పాటలో పెత్తనం ఎలా చేతులు మారుతుందో చూపడానికి 'రెస్పెక్ట్' అనే అమెరికన్ పాటను మించిన ఉదాహరణ దొరకదు. 1965లో ఓటిస్ రెడ్డింగ్ దాన్ని రాసి పాడినప్పుడు అది కష్టపడి సంపాదించి ఇంటికొచ్చిన మగవాడి గోడు: నాకు ఇంట్లో మర్యాద కావాలి. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ అదే పాట అందుకుని కొన్ని మాటలు మార్చింది, ఆ పదంలోని అక్షరాలను ఒక్కొక్కటిగా పలికే భాగాన్ని చేర్చింది. సంపాదన నా దగ్గరా ఉంది, మర్యాద నువ్వే ఇవ్వాలి అన్నట్టు మారిపోయింది. మహిళా ఉద్యమం, నల్లజాతి హక్కుల ఉద్యమం రెండూ దాన్ని సొంతం చేసుకున్నాయి.

తెలుగులో మనకు ఎక్కువగా కనిపించేది దీనికి ఎదురు దారి: మగవాడు స్త్రీ గొంతుతో రాయడం. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో, అంటే ఆయన శృంగార పాటల్లో, నాయిక తన కోరికను, కోపాన్ని, ఆఖరికి బేరాన్ని కూడా దాపరికం లేకుండా మాట్లాడుతుంది. రాసింది పురుషుడు, తరతరాలుగా పాడి, ఆడి బతికించినది దేవదాసీలు. అక్కడ స్త్రీకి గొంతు దక్కిందా, పురుషుడి ఊహకు స్త్రీ గొంతు దొరికిందా అన్నది పండితులు ఈనాటికీ తేల్చుకోని సంగతి. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. పాడేవాళ్లు కాగితం మీది మాటను యథాతథంగా మోసుకెళ్లరు, విరుపుతో మారుస్తారు.

స్త్రీయే రాస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. అందులో రాధ కోరికకు, అలకకు, చొరవకు పెద్ద పీట. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. కందుకూరి వీరేశలింగం అంతటివారు ఆడదై ఉండి ఇలా రాయడమేమిటని అంతకుముందే ఈసడించి ఉన్నారు. పురుషులు రాసిన శృంగారానికి లేని సిగ్గు స్త్రీలకే ఎందుకని నాగరత్నమ్మ ఎదురు ప్రశ్న వేశారు. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. ఆ పుస్తకంలోని శృంగారం ఆనాటి ప్రబంధాలకు కొత్తేమీ కాదు. కలం పట్టిన చెయ్యి కొత్తది.

వరంగల్ వాళ్లకు ఇంకో దగ్గరి ఉదాహరణ ఉంది. కాకతీయుల కాలపు ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు, మంచనశర్మ, టిట్టిభసెట్టి, రోజంతా తిరుగుతూ కనిపించిన ఆడవాళ్ల మీద వ్యాఖ్యానాలు చేసే కావ్యమే 'క్రీడాభిరామం'. సాధారణంగా వినుకొండ వల్లభరాయుడి పేరున చెబుతారు. ఆ నగరం గురించి తెలుసుకోవడానికి అమూల్యమైన పుస్తకం, అందులో సందేహం లేదు. కాని అంగడి దాటుతున్న స్త్రీలకు ఆ ఇద్దరి గురించి ఏమనిపించిందో చెప్పే కావ్యం మనకు లేదు. పురుష చూపు కెమెరాతో పుట్టలేదు.

నాటు మడిలోంచి యూట్యూబ్‌కు

ఆడవాళ్లు ఆడవాళ్ల కోసమే పాడుకునే చోట్లు ఉత్తర తెలంగాణలో ఎప్పుడూ ఉన్నాయి. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు, నాట్లు వేసేటప్పుడు, పెళ్లిలో వియ్యాలవారిని ఆటపట్టించేటప్పుడు. ముఖ్యంగా పెళ్లి ఎగతాళి పాటల్లో మొగుడి చేతకానితనం మొదలుకొని వియ్యంకుడి బుద్ధి దాకా అన్నీ వస్తాయి. వినేవాళ్లూ నవ్వేవాళ్లూ ఆడవాళ్లే కాబట్టి ఆ మాటలకు కోర ఉన్నా ప్రమాదం లేదు. అదే పాట రికార్డు అయి, బొమ్మతో సహా లక్షల ఫోన్లలోకి వెళ్లినప్పుడు పదాలు మారకపోయినా వినేవాడు మారతాడు.

'సారంగ దరియా' దీనికి మంచి నమూనా. భుజం మీద కడవతో, ఒంటి నిండా నగలతో వెళ్తున్న అమ్మాయి వర్ణన, పిలిస్తే రాని ఆమె బెట్టు ఆ జానపదంలో ఉన్న సరుకు. ఆడవాళ్ల గుంపులో పాడుకుంటే అది కాస్త ఈర్ష్య, కాస్త మురిపెం, కాస్త వెక్కిరింత. వరంగల్ ప్రాంతానికి చెందిన కోమలి ఈ పాటను టీవీలో పాడి జనానికి పరిచయం చేసింది. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం సుద్దాల అశోక్‌తేజ పల్లవిని తీసుకుని చరణాలు రాశారు, మంగ్లీ పాడారు, సాయిపల్లవి ఆడారు. పాట ఊపేస్తుండగానే, వెలుగులోకి తెచ్చిన తనకు గుర్తింపేదని కోమలి అడిగింది. పల్లవి జానపదుల ఉమ్మడి ఆస్తి, చరణాలు నావి అని రచయిత వివరించారు. చట్టం దృష్టిలో ఆయన మాటకు బలం ఉంది, ఎందుకంటే తరతరాలుగా నోటి మీద వచ్చిన, ఎవరు కట్టారో తెలియని పాత పాటకు కాపీరైట్ ఉండదు. అయితే ఆ చట్టం రాసుకున్న తీరులోనే ఒక వాలు ఉంది. కాగితం మీద రాసినవాడు రచయిత అవుతాడు, జ్ఞాపకంలో మోసుకొచ్చిన ఆడవాళ్లు ఎవరూ కారు. ఈ పాటలో జెండర్ గొడవ చూడదలిస్తే నాట్యంలో కాదు, ఇక్కడ చూడాలి.

అదే ఏడాది మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' ఇంకో రకం. ముస్తాబైన పెళ్లికూతురు నీ బండెక్కి వస్తానని చెప్పే పాట అది. మంచిర్యాల జిల్లాలో ఒక వధువు బరాత్‌లో వరుడి ఎదుట దానికి ఆడిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. పెళ్లికూతురు తల వంచుకు కూర్చోవాలన్న పాత పద్ధతిని ఆ నిమిషాల వీడియో పక్కకు నెట్టింది, అందులో సందేహం లేదు. మాటలు వింటే మాత్రం నాన్న గారాబంగా పెంచిన పిల్ల అత్తవారింటికి అదృష్టాన్ని పట్టుకెళ్తానని మాటిస్తుంది. ఒళ్లు కొత్తది, కథ పాతది. చాలా పాటలు ఇలాగే ఒక అడుగు ముందుకు వేసి రెండో అడుగు ఉన్నచోటే ఉంచుతాయి. వాటిని విప్లవమనీ అనలేం, లొంగుబాటనీ అనలేం.

ఇక 2021 డిసెంబరులో వచ్చిన 'పుష్ప'లోని 'ఊ అంటావా'. చీర కట్టినా, గౌను వేసినా, పొడుగైనా, పొట్టైనా మగవాడి వంకర చూపు మారదని చెప్పే పాట. రాసింది చల్లగరిగలో పుట్టిన చంద్రబోస్. అంటే వరంగల్ బిడ్డ, తర్వాత 'నాటు నాటు'కు ఆస్కార్ అందుకున్నవాడు. మగజాతిని అవమానించారంటూ ఆంధ్రప్రదేశ్‌లో ఒక పురుషుల సంఘం కోర్టుకెక్కింది. మరోవైపు మగవాడి చూపును తిట్టే పాటను సరిగ్గా ఆ చూపు కోసమే చిత్రించారు అన్నది స్త్రీవాదుల ఆక్షేపణ. పాడింది ఇంద్రావతి చౌహాన్, ఆడింది సమంత. రాసినవారు, బాణీ కట్టినవారు, స్టెప్పులు కూర్చినవారు, దర్శకుడు అందరూ పురుషులు. ఇంకో విశేషం, 'అది దా సర్‌ప్రైజు' రాసిందీ చంద్రబోసే. అక్కడ జనానికి మండింది మాటల మీద కాదు, స్టెప్పు మీద. పాట ఒకరి సొత్తు కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మాట ఒక దారిన, బొమ్మ ఇంకో దారిన పోగలవు.

స్టేజీ మీద రాణి, ఆఫీసులో సంతకం లేదు

ఆమె ఇష్టపడే చేసింది కదా అన్న వాదనను పరీక్షించాలంటే స్టేజీ దిగి చూడాలి. అమెరికన్ పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ 2008 నుంచి 2021 నవంబరు దాకా, పదమూడేళ్లకు పైగా, కోర్టు ఏర్పాటు చేసిన సంరక్షకత్వం కింద ఉంది. ఆమె డబ్బు, ఒప్పందాలు, సొంత జీవితపు నిర్ణయాలు ఎక్కువ కాలం తండ్రి చేతిలో నడిచాయి. ఆ కాలంలోనే లాస్ వేగాస్‌లో ఏళ్ల తరబడి ప్రదర్శనలు ఇచ్చింది. చూసేవాళ్లకు ఆమె స్వేచ్ఛకు బొమ్మ. తన చెక్కు మీద తాను సంతకం పెట్టుకోలేని మనిషి ఆమె.

దెబ్బ ఎవరికి తగులుతుంది అన్నదానికి 2004 ఫిబ్రవరి 1 నాటి సూపర్ బౌల్ సంగతి చూడండి. అది అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, మధ్య విరామంలో పెద్ద సంగీత ప్రదర్శన ఉంటుంది. పాట చివర గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్ లాగడంతో గాయని జానెట్ జాక్సన్ దుస్తుల్లో ఒక భాగం ఊడింది. క్షణం కంటే తక్కువ సేపు. ప్రసారం చేసిన సీబీఎస్‌కు 5,50,000 డాలర్ల జరిమానా పడింది, తర్వాత కోర్టు కొట్టేసింది. వారం తర్వాత జరిగిన గ్రామీ సంగీత పురస్కారాల వేడుకలో అతను పాల్గొన్నాడు, ఆమె లేదు. ఆమె పాటల ప్రసారం పడిపోయింది. అతను 2018లో అదే సూపర్ బౌల్ వేదికకు ప్రధాన గాయకుడిగా తిరిగొచ్చాడు. ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2021లో.

మన దగ్గర ఈ తెర వెనుక కథ మీద వెలుగు తక్కువ. తెలుగు సినిమా రంగంలో లైంగిక వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం 2019లో ఒక ఉపసంఘాన్ని వేసింది. మలయాళ సినిమా రంగంలో మహిళల పరిస్థితుల మీద హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చాక, 2024 ఆగస్టులో, మన ఉపసంఘం నివేదికనూ బయటపెట్టాలని సమంత బహిరంగంగా కోరారు. 'ఊ అంటావా'లో ఆమె దుస్తుల మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా ఈ కోరిక మీద జరగలేదు.

విని చెడిపోతారా? పరిశోధన ఎంతవరకు చెబుతుంది

ఇక్కడ జాగ్రత్తగా నడవాలి. అమెరికాలోని రాండ్ సంస్థ పరిశోధకులు 12 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 1,461 మంది పిల్లలను కొన్నేళ్ల పాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. స్త్రీలను వాడుకునే సరుకుగా, మగవాళ్లను కామపిశాచులుగా చూపే పాటలు ఎక్కువగా విన్నవాళ్లు త్వరగా లైంగిక జీవితంలోకి వెళ్లారు. లైంగిక విషయాలున్నా ఎవరినీ కించపరచని పాటలకు ఆ సంబంధం కనిపించలేదు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఇదే. 'పచ్చిగా ఉందా' అన్న ప్రశ్నకంటే 'చులకన చేసిందా' అన్న ప్రశ్న పనికొచ్చేదని అది చెబుతోంది.

అదే ఏడాది మ్యూనిక్‌లోని పరిశోధకులు ఫిషర్, గ్రైటెమెయర్ ఇంకో తమాషా ప్రయోగం ప్రచురించారు. స్త్రీద్వేషపు పాటలు విన్న మగవాళ్లను, మరో మనిషి తినాల్సిన కారం సాసు ఎంతో కొలిచి పెట్టమన్నారు. ఆ మనిషి స్త్రీ అయితే కారం ఎక్కువ పడింది. పాట మనసును కదిలిస్తుందన్నది దీనితో తేలింది. ఆ కదలిక ఎన్నాళ్లు నిలుస్తుంది, వీధిలో జరిగే హింసకు ఎంత కారణం అన్నది తేలలేదు. మొదటి అధ్యయనానికీ పరిమితి ఉంది. అలాంటి పాటలు వెతుక్కునే పిల్లల ఇల్లు, స్నేహాలు ముందే వేరుగా ఉండి ఉండవచ్చు. పాట వల్లే నేరం అనేవాళ్లకూ, పాటతో ఏమీ కాదనేవాళ్లకూ ఈ లెక్కలు పూర్తిగా కలిసిరావు.

చట్టం చెయ్యి ఎంత దూరం వెళ్తుంది

బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలమైన పాట పాడితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా. పాత శిక్షాస్మృతిలో ఇది 294. స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించే చట్టం 1986 నుంచి ఉంది. అశ్లీలం అంటే ఏమిటన్నదే అసలు తంటా. నగ్నంగా ఉంటే చాలు అశ్లీలం కాదని, సమకాలీన సమాజ ప్రమాణాలతో, మొత్తం సందర్భంతో చూడాలని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. ఏ సమాజం, ఎవరి ప్రమాణం అన్నది మళ్లీ జడ్జి చేతిలోనే.

సెన్సార్ బోర్డు చూసేది థియేటర్ బొమ్మను. లిరికల్ వీడియో అంతకు వారాల ముందే యూట్యూబ్‌లోకి వస్తుంది, దానికి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. పాట హిట్టయ్యేదీ, రచ్చయ్యేదీ అక్కడే. మహిళా కమిషన్ విచారించగలదు, పిలిపించగలదు, సిఫారసు చేయగలదు. పాటను తానే తీసేయలేదు.

నిషేధమే మందు అనేవాళ్ల ముందు మహారాష్ట్ర డాన్సు బార్ల అనుభవం ఉంది. స్త్రీల గౌరవం కోసమంటూ 2005లో అక్కడి ప్రభుత్వం బార్లలో నాట్యాన్ని నిషేధించింది. వేల మంది నర్తకుల బతుకుతెరువు పోయింది. 2013లో సుప్రీంకోర్టు నిషేధం చెల్లదంది. అలాగని స్వేచ్ఛ వాదన గెలిచిపోయిందనీ అనలేం. ఆడపిల్లల తల్లులు, బస్టాండులో ఆ పాట ఈలగా తమ వెంటపడటం చూసినవాళ్లు చెప్పేదాన్ని ఛాందసమని కొట్టిపారేయడం తేలిక, న్యాయం మాత్రం కాదు. పాట ఆమె ఎంచుకున్నదే కావచ్చు, ఈల మాత్రం ఈ అమ్మాయి ఎంచుకున్నది కాదు.

మూడో వాదన కులం వైపు నుంచి వస్తుంది. శ్రమ చేసే కులాల స్త్రీల పాటల్లో శరీరం గురించిన మాట ఎప్పుడూ బాహాటమే. దాన్ని మోటు, బూతు అని పక్కన పెట్టి, శిష్ట శృంగారాన్ని మాత్రం కళ అని భుజాన వేసుకున్నది ఎవరని ఈ పక్షంవాళ్లు అడుగుతారు. ఆడపిల్లలను దేవుడి పేరున అంకితం చేసే జోగిని ఆచారం చూసిన నిజామాబాద్ ప్రాంతంలో ఈ ప్రశ్నకు పదును ఎక్కువ. ఆడిపాడే స్త్రీని ఊరంతా వాడుకుని, ఆమెనే కులటగా చూసిన చరిత్ర అది. 1988 చట్టం ఆ ఆచారాన్ని నేరం చేసింది. ఈ పక్షంలోనే కొందరు, జానపదం పేరుతో యూట్యూబ్‌కు ఎక్కుతున్నదంతా శ్రామిక స్త్రీల గొంతు కాదని, పాత బాణీకి మగ స్టూడియోలు తగిలించిన కొత్త చూపు అని కూడా అంటారు.

ఆ స్టూడియోల సంగతికి వస్తే, కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల పుట్టుకొచ్చిన జానపద యూట్యూబ్ పరిశ్రమలో లావాదేవీ చాలావరకు నోటి మాట మీదే. గాయనికి ఒకసారి డబ్బు ఇస్తారు, పాట ఛానెల్‌ది అవుతుంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టం రచయితకు, సంగీత దర్శకుడికి వదులుకోలేని రాయల్టీ వాటా ఇచ్చింది, గాయకులకూ ప్రదర్శకుల హక్కు ఉంది. కాగితం లేని చోట ఆ హక్కును అడగడం కష్టం. వీడియో ఎలా తీయాలి, చీర ఎలా కట్టాలి, థంబ్‌నెయిల్‌లో ఏ ఫ్రేము పెట్టాలి అన్నవి ఎడిటింగ్ గదిలో తేలతాయి. ఆ గదిలో ఆడవాళ్లు అరుదు. సొంత ఛానెల్ పెట్టుకున్న గాయనులు ఇప్పుడు పెరుగుతున్నారు, ఆ మేరకు లెక్కలు మారుతున్నాయి. అక్కడ కూడా పాస్‌వర్డు అన్న దగ్గరో, భర్త దగ్గరో, కెమెరా పట్టిన కుర్రాడి దగ్గరో ఉంటే, తనకు నచ్చని ఫ్రేమును తీసేయమని ఆమె అడగాలే తప్ప తానే తీసేయలేదు.